మీరా హుస్సేన్ మాస్టారి తగువులు

మీరా హుస్సేన్ మాస్టారికి అంపైర్‌తో తగువు పెట్టుకోనిదే ఆదివారం గడవదు. కొందరికి పొద్దున్నే కాఫీ పడకపోతే తల నొప్పి పుడుతుంది. కొందరికి పేపరు రాకపోతే కాళ్ళూ చేతులూ ఆడవు. మాస్టారికి మాత్రం తల మీద టోపీ, ముఖానికి ఇనప జాలీ పెట్టుకున్న మనిషొకడు ఎదురుగా కనబడాలి. చేతులు వెనక్కి కట్టుకుని ఆ మనిషి దగ్గరికి నింపాదిగా నడిచి వెళ్ళి, "ఏవండీ, ఒక్క మాట" అనాలి. ఆ ఒక్క మాట పావుగంట సాగాలి. చివరికి ఆ మనిషి ఓపిక నశించి గ్రౌండు బయటికి వేలు చూపించాలి. అప్పుడు గానీ ఆయన ప్రాణం కుదుటపడదు.

ఈ సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ టోపీ, ఆ జాలీ, ఆ వేలు నావే.

నా పేరు శరత్‌చంద్ర. మార్టూరు దగ్గర ఒక హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. ఆదివారాలు బేస్‌బాల్ అంపైర్‌ని. మిర్చి చేల మధ్య బేస్‌బాల్ ఏమిటని మీకు అనిపించవచ్చు. మా మామగారికి ఇప్పటికీ అనిపిస్తూనే ఉంటుంది. ఆయన దాన్ని 'ఆ కర్రబంతాట' అంటారు. ఆట పెద్ద కష్టమైనదేమీ కాదు. పిచ్చర్ అనే ఒకమ్మాయి బంతి విసురుతుంది. ఇంకో అమ్మాయి గుండ్రటి బ్యాటుతో కొట్టి, బేస్ అనే గుర్తుల మీదుగా పరుగెత్తాలి. కొట్టదగిన బంతి పోతే 'స్ట్రైక్', అలా మూడు పోగొట్టుకుంటే అవుట్. కొట్టదగినది ఏదో, కానిది ఏదో చెప్పేవాడు అంపైర్. అంటే, ఇద్దరిలో ఒకరి చేత ఎప్పుడూ తిట్లు తినడానికి జీతం లేకుండా నియమించిన మనిషి.

మాస్టారు అద్దంకి పక్కన హైస్కూల్లో ఆటల మాస్టారు. ఆడపిల్లల జట్టుకి కోచ్. ఆయన ఈ ఆటలోకి రావడమే ఒక చిత్రం. ఒక ఏడు వాళ్ళ బడికి పైనుంచి ఒక పెట్టె వచ్చిందట. విప్పి చూస్తే బ్యాట్లు. అవేమిటో స్టాఫ్‌రూములో ఎవరికీ అంతుపట్టలేదు. మధ్యాహ్న భోజనం వండే ఆవిడ వచ్చి, "మంచి పప్పుగుత్తులు పంపించారండీ, ఇన్నాళ్ళకి" అని ఒకటి పట్టుకెళ్ళి ఆ రోజు పప్పు ఎనిపేసింది. పప్పు బాగా కుదిరిందని పిల్లలు చెప్పుకున్నారు. మాస్టారు ఆ బ్యాటు వెనక్కి తెచ్చి, కడిగి, ఎండలో ఆరబెట్టి, దాన్ని ఏం చేయాలో ఫోనులో చూసి నేర్చుకున్నారు. మొదటి నెలంతా ఆ జట్టు బ్యాటింగులో తాలింపు వాసన వచ్చేదని కరుణాకర్ ఇప్పటికీ అంటుంటాడు. కరుణాకర్ కూడా అంపైరే. నాకంటే ఓపిక ఎక్కువ.

నేర్చుకోవడం అంటూ మొదలుపెట్టాక మాస్టారు సగంలో ఆగలేదు. వాళ్ళ నాన్నగారు దూది ఏకి పరుపులు కుట్టేవారు. ఆ చేతివాటం ఈయనకీ వచ్చింది. పాత మేజోళ్ళలో దూది కూరి, గట్టిగా కుట్టి, వాలీబాల్ స్తంభానికి వేలాడదీసి పిల్లల చేత కొట్టించేవారు. కూల్‌డ్రింకు సీసాల మూతలు పోగుచేసి ఒక్కొక్కటే విసిరి, సన్నటి కర్రతో కొట్టమనేవారు. మూతని కొట్టగలిగిన పిల్లకి బంతి గుమ్మడికాయంత కనిపిస్తుందని ఆయన లెక్క.

"నడుము తిప్పమ్మా. చేతులతో కాదు. మిర్చి టిక్కీని లారీలోకి విసిరేటప్పుడు హమాలీ ఎక్కణ్ణుంచి బలం తెస్తాడు? చేతుల్నించా? చేతులతో విసిరితే బస్తా వాడి కాళ్ళ మీదే పడుతుంది."

"బంతిని ఎప్పుడు చూడాలి సార్?"

"పిచ్చర్ చేతిలో ఉన్నప్పుడే చూడాలి. చెయ్యి దాటాక చూశావంటే, వెళ్ళిపోయిన బస్సుని చూసినట్టే."

ఇవన్నీ బాగానే ఉన్నాయి. ఒక్క పాఠం మాత్రం నాకు వింతగా ఉండేది. పిల్లల్ని వరసగా నిలబెట్టి, బ్యాటు చంకలో పెట్టించి, కొట్టే పిల్ల నిలబడే చోట నేలలో పరిచిన ప్లేటు దగ్గర్నుంచి బెంచీ దాకా ఊరికే నడిపించేవారు. కొట్టడమూ లేదు, పరుగెత్తడమూ లేదు. తల పైకెత్తి తిరిగి రావడమే.

"ఇదేం ప్రాక్టీసండీ మాస్టారూ?" అని అడిగాను ఒకసారి.

"అవుటైన తర్వాత వెనక్కి నడిచొచ్చే ప్రాక్టీసండి. ఈ ఆటలో పదిసార్లు వెళ్ళి మూడుసార్లు కొడితే మహారాణి. మిగతా ఏడుసార్లూ తిరిగి రావాల్సిందే కదండీ. ఎక్కువసార్లు చేసే పని ముందు నేర్పాలి."

నేను నవ్వుకున్నాను. ఆ మరుసటి ఆదివారమే ఆయన నాతో మొదటిసారి తగువు పడ్డారు.

ఆ రోజు వాళ్ళ నజ్మీన్ మూడో బంతి కూడా పోగొట్టుకుంది. నేను అవుటని చెయ్యెత్తాను. ఆ పిల్ల ఇంకా వెనక్కి తిరగనే లేదు, మాస్టారు వచ్చేశారు.

"ఏవండీ, ఒక్క మాట. ఈ ప్లేటు వెడల్పు ఎంతండి?"

"పదిహేడు అంగుళాలు."

"ఎవరు చెప్పారండి?"

"రూల్సు చెప్పాయి."

"రూల్సు చెప్తే సరిపోతుందా? ఈ ప్లేటు కూడా చెప్పాలి కదా. నాకెందుకో ఇది పద్ధెనిమిది లాగా కనిపిస్తోంది. టేపు తెప్పించండి."

టేపు ఎక్కడ దొరుకుతుంది? చివరికి ఊళ్ళో టైలరు దగ్గర్నుంచి తెప్పించాం. గ్రౌండు చుట్టూ ఉన్న జనమంతా ప్లేటు చుట్టూ మూగారు. కొలిస్తే సరిగ్గా పదిహేడు. మాస్టారు టేపు కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసి, "టేపు సాగిందండి" అన్నారు. నేను వేలు చూపించాను. ఆయన వినయంగా నమస్కారం పెట్టి బయటికి వెళ్ళిపోయారు.

ఇంకోసారి నాకు జలుబు చేసింది. "స్ట్రైక్ అని మీరన్నారంటున్నారు. నాకు మాత్రం 'రైట్' అని వినబడిందండి. ముక్కుతో చెప్పిన తీర్పు చెల్లుతుందా, చెల్లదా, అది తేల్చండి" అని కూర్చున్నారు. నిజంగానే నేల మీద కూర్చున్నారు. మరోసారి సూర్యుడి మీద ఫిర్యాదు తెచ్చారు.

"మా పిల్ల కళ్ళలో ఎండ పడుతోందండి."

"సూర్యుణ్ణి నన్నేం చెయ్యమంటారు?"

"సూర్యుణ్ణి ఏమీ అనొద్దండి, పాపం పెద్దాయన. ప్లేటు అటు తిప్పండి."

"ప్లేటు తిప్పితే గ్రౌండంతా తిప్పాలండీ."

"తిప్పుదాం. పిల్లలు బోలెడంతమంది ఉన్నారు. తలో చెయ్యీ వేస్తారు."

ఈ మాటకి అవతలి జట్టు కూడా పడీ పడీ నవ్వింది. నేను మళ్ళీ వేలు చూపించాను.

బయటికి పంపిన ప్రతిసారీ ఆయన గ్రౌండు గేటు అవతల వేపచెట్టు నీడలో కూర్చుని టిఫిన్ క్యారియర్ విప్పేవారు. ఆ క్యారియర్ సంగతి కూడా చెప్పాలి. మాస్టారి భార్య కరీమున్ గారు పొద్దున్నే వంటింట్లోంచి కేకేసేవారట, "ఇవాళ అంపైర్ ఎవరండీ?" అని. నేనయితే వేడి అన్నం, గోంగూర మాంసం. ఎందుకంటే నేను ఆట సగంలోనే పంపించేస్తాను, చల్లారే లోపల తినొచ్చు. కరుణాకర్ అయితే పెరుగన్నం, ఊరమిరపకాయలు. అతను చివరిదాకా సహిస్తాడు, ఎంత ఆలస్యమైనా పాడుకాదు. ఆట అయిపోయాక నేను అటు వెళితే మాస్టారు ఒక గిన్నె నా కోసం విడిగా తీసి ఉంచేవారు. పావుగంట కిందట నా చెవులు చిల్లులు పడేలా అరిచిన మనిషే, "ఇంకొంచెం వేసుకోండి, ఎండలో నిలబడ్డారు" అని కొసరి కొసరి పెట్టేవారు.

అసలు విచిత్రం ఏమిటంటే, గ్రౌండు దాటితే మాస్టారికి నోట్లో నాలుకే ఉండదు. ఒకసారి ఇద్దరం ఒంగోలు బస్సెక్కాం. ఆయన కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టారు. మేము ఎక్కేసరికి ఎవరో ఆ తువ్వాలు తీసి పక్కన పెట్టి దర్జాగా కూర్చున్నాడు. నేను తగువుకి సిద్ధమయ్యాను. మాస్టారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. అంతటితో ఊరుకోక, ఒంగోలు దాకా నిలబడి, ఆ మనిషి సంచి జారిపోతుంటే పట్టుకున్నారు కూడా.

"మా ఆయనా?" అన్నారు కరీమున్ గారు నేను ఈ సంగతి చెప్పినప్పుడు. "కూరలో ఉప్పు మర్చిపోతే ఆ మాట కూడా అనరు అన్నయ్యా. లేచి వెళ్ళి ఉప్పు తెచ్చుకుని, నాకు కనబడకుండా కలుపుకుంటారు. బయట అంత గోల చేస్తారంటే నేను మొదట నమ్మలేదు. ఎవరో మా ఆయన చొక్కా తొడుక్కుని తిరుగుతున్నాడనుకున్నా."

ఇంకో సంగతి ఇంతకంటే వింత. ఒకసారి నేను నిజంగానే తప్పు తీర్పు ఇచ్చాను. వాళ్ళ పిల్ల బేస్‌కి క్షేమంగా చేరిందని గ్రౌండు మొత్తానికీ తెలుసు. దుమ్ములో నాకు సరిగ్గా కనబడక అవుటన్నాను. ఆ ఒక్క తీర్పుతో వాళ్ళు ఆట ఓడిపోయారు. జనం నన్ను కొట్టేలా ఉన్నారు. ఇక ఇవాళ మాస్టారు నన్ను బతకనివ్వరని అనుకున్నాను. ఆయన మెల్లగా నా దగ్గరికి వచ్చి, "దుమ్ము లేచిందండి. మీరు మాత్రం ఏం చేస్తారు?" అని భుజం తట్టి వెళ్ళిపోయారు. న్యాయం తన వైపు ఉన్నప్పుడు నోరెత్తని మనిషి, లేనప్పుడు సూర్యుడితో కూడా దెబ్బలాడతాడు. ఇదేం లెక్కో నాకు అర్థం కాలేదు. ఒక్కొక్కరి తిక్క ఒక్కో రకం అని వదిలేశాను.

వదిలేయనివాళ్ళు కూడా ఉంటారు. ఆయన తగువుల వల్ల ఆటలు పొద్దుగూకేదాకా సాగుతున్నాయని బయటి జట్ల వాళ్ళు ఫిర్యాదు చేశారు. మా బేస్‌బాల్ సంఘం కార్యదర్శి జానకిరామయ్య గారు, రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన్ని ఒంగోలు పిలిపించారు. నన్ను కూడా రమ్మన్నారు.

"మీరా హుస్సేన్ గారూ, మీ పిల్లలు బాగా కొడతారు. మీ శిక్షణ బాగుంది. ఈ తగువులెందుకు?"

"అలవాటైపోయిందండి."

"మానుకోలేరా?"

"ప్రయత్నం చేస్తానండి."

"ప్రయత్నం కాదు. ఇంకొక్కసారి అంపైర్‌తో గొడవ జరిగిందంటే ఏడాదిపాటు మిమ్మల్ని గ్రౌండులో అడుగుపెట్టనివ్వం. ఇంతకీ కారణం ఏమన్నా ఉంటే చెప్పండి, వింటాను."

మాస్టారు కాసేపు బల్ల మీది పేపర్‌వెయిట్ వైపు చూశారు. "నోటి దురదండి" అన్నారు. లేచి గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగారు.

"అంపైర్‌తో కాకుండా స్కోరు రాసే ఆయనతో పెట్టుకోవచ్చాండి?"

"ఎవరితోనూ పెట్టుకోకూడదు."

"అలాగేనండి."

ఫిబ్రవరిలో రాష్ట్ర జట్టు ఎంపిక ఆట వచ్చింది. మాస్టారి బడి గ్రౌండులోనే. అవతల గుంటూరు జట్టు. అంపైర్‌ని నేను. టెంటు కింద సెలక్టర్లు, వాళ్ళ పక్కన జానకిరామయ్య గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. కరీమున్ గారు కూడా వచ్చారు, చూడ్డానికి కాదు, మొగుణ్ణి పట్టుకోవడానికి. బెంచీ మీద ఆయన పక్కనే కూర్చుని, ఆయన మెళ్ళో తువ్వాలు కొస ఒకటి తన గుప్పిట్లో బిగించారు. పోటీకి తెచ్చిన ఒంగోలు గిత్త పగ్గం కూడా ఎవరూ అంత గట్టిగా పట్టుకుని ఉండరు.

ఆ రోజు అందరి కళ్ళూ శ్రీరమ్య మీదే. మాస్టారి జట్టులో పొడగరి పిల్ల. దెబ్బ తగిలిందంటే బంతి ఎటు పోయిందో ఆకాశంలో వెతుక్కోవాలి. ఏం లాభం, నెల రోజులుగా ఒక్క దెబ్బా తగలడం లేదు. చూసిన ప్రతివాళ్ళూ తలో సలహా ఇచ్చారు. కాళ్ళు దగ్గరగా పెట్టమని ఒకరు, దూరంగా పెట్టమని ఒకరు. వాళ్ళ నాన్న ప్రకాష్ అయితే బ్యాటుకి దిష్టి తీయించాడు. మాస్టారు మాత్రం, "ఏమీ మార్చొద్దమ్మా. అన్నం తిను, నిద్రపో, బంతి చూడు. అది ఎటూ పోదు, తిరిగొస్తుంది" అన్నారు.

ప్రకాష్‌కి కౌలు మీద నాలుగెకరాల మిర్చి ఉంది. చెడ్డవాడు కాదు. కూతురితో ఒక ఒప్పందం చేసుకున్నాడు. ఈసారి రాష్ట్ర జట్టుకి ఎంపికైతే సరే, లేకపోతే ఇక ఆదివారాలు ఆట కాదు, కల్లంలో కాయలు ఏరాలి. తన స్నేహితుల్ని వెంటబెట్టుకుని ఆట చూడ్డానికి వచ్చి గీత పక్కనే నిలబడ్డాడు.

శ్రీరమ్య మొదటిసారి వచ్చింది. మూడు బంతులకీ గాలినే కొట్టింది. అవుట్. చెయ్యెత్తిన మరుక్షణం, అలవాటు కొద్దీ బెంచీ వైపు చూశాను. మాస్టారు లేవబోయారు. తువ్వాలు బిగిసింది. కూర్చున్నారు.

రెండోసారి వచ్చింది. రెండు బంతులు పోయాయి. మూడోది నడిమధ్యన, వడ్డించిన విస్తరిలా వచ్చింది. ఆ పిల్ల బ్యాటు కూడా కదపలేదు. కొయ్యబారి చూస్తూ నిలబడింది. నేను అవుటన్నాను. ఈసారి మాస్టారు నిలువునా లేచారు. కరీమున్ గారు రెండు చేతులతో లాగారు. ఆయన కూలబడి, తువ్వాలు రెండో కొస నోట్లో కుక్కుకున్నారు.

గ్రౌండంతా నిశ్శబ్దంగా ఉండాలి కదా. లేదు. అప్పుడు నాకు వినబడింది.

"ఒరేయ్ ప్రకాషూ, మీ అమ్మాయి దోమల్ని తోలుతోందిరా."

"తోలడం కూడా మానేసింది. నిద్రపోయింది."

"ఏమ్మా, బ్యాటు బరువుగా ఉందా? చీపురు తెమ్మంటావా?"

పెద్దగా నవ్వారు. ప్రకాష్ వాళ్ళని ఆపలేదు. తనూ నవ్వలేక నవ్వి తల దించుకున్నాడు. ఆ పిల్ల అది చూసింది. ప్లేటు దగ్గర్నుంచి బెంచీ దాకా నడవడం రోజూ ప్రాక్టీసు చేసిన పిల్ల, ఒక్క అడుగు వేయలేక అక్కడే నిలబడిపోయింది.

ఇన్నేళ్ళుగా నేను ఇదే గ్రౌండులో నిలబడుతున్నాను. పిల్లలు అవుటైనప్పుడు జనం ఇలాంటి మాటలంటారని నాకు తెలియనే తెలియదు. ఎలా తెలుస్తుంది? సరిగ్గా ఆ సమయానికి నా చెవిలో మాస్టారి గొంతు మోగుతుండేది. జనమంతా ప్లేటు వెడల్పు చూడ్డానికో, గ్రౌండు తిప్పడానికో పరుగెత్తుకొచ్చేవారు. అవుటైన పిల్ల ఎప్పుడు వెళ్ళి కూర్చుందో, ఎప్పుడు కళ్ళు తుడుచుకుందో చూసినవాడు లేడు. ఆ రోజు దుమ్ములో నేను తప్పు తీర్పు ఇచ్చినప్పుడు జనం తిట్టింది నన్ను, పిల్లని కాదు. అందుకే ఆయన నోరెత్తలేదు.

బెంచీ వైపు చూశాను. జట్టు మొత్తం మాస్టారి వైపే చూస్తోంది. మాస్టారు తువ్వాలు నోట్లో పెట్టుకుని శ్రీరమ్య వైపు చూస్తున్నారు. ఆయన కళ్ళలో నీళ్ళు.

నేను ముఖం మీది జాలీ తీసి నేలకేసి కొట్టాను. గబగబా బెంచీ దగ్గరికి నడిచాను.

"ఏవండీ మాస్టారూ, ఒక్క మాట. ఏమన్నారు?"

ఆయన తువ్వాలు బయటికి తీశారు. "నేనేమీ అనలేదండి."

"అనబోయారు."

"లేదండి, ఒట్టు."

"మనసులో అనుకున్నారు. నాకు వినబడింది."

గీత దగ్గర నవ్వులు ఆగాయి. జనం మా వైపు తిరిగారు. తర్వాతి మాట కోసం అటూ ఇటూ వెతికాను. చూస్తే బెంచీ కింద క్యారియర్ ఎండకి తళతళలాడుతోంది.

"ఆ గిన్నె మూత మెరుపు నా కళ్ళలో పడుతోంది. కావాలనే తోమించుకొచ్చారు."

ఈ మాట నేను అనాల్సింది కాదు. మాస్టారు ఊరుకున్నారు గానీ, తోమిన మనిషి పక్కనే ఉంది.

"ఏం అన్నయ్యగారూ," అంటూ కరీమున్ గారు తువ్వాలు వదిలేసి లేచారు. "గిన్నె తోమితే తప్పా? మసిగిన్నెలో పెట్టాలా మీకు? వారం వారం ఆ గిన్నెలోది తిన్నప్పుడు మెరవలేదా? మా ఆయన నోట్లో గుడ్డ కుక్కుకుని కూర్చుంటే కూడా మీకు చాల్లేదా?"

ఆవిడ గొంతు మామూలుది కాదు. మాస్టారు తగువు నేర్చుకున్న బడి ఏదో నాకు అప్పుడు అర్థమైంది. ప్రకాష్ స్నేహితులు గీత దాటి లోపలికొచ్చారు. గుంటూరు జట్టు పిల్లలు గ్లౌజులు వదిలేసి వచ్చారు. గోంగూర నా వంటికి పడదని ఎప్పుడో అన్న మాట కూడా బయటికొచ్చింది. జానకిరామయ్య గారు పరుగున వచ్చి, "ఎవరు, ఎవరు మొదలుపెట్టారు?" అన్నారు.

"ఇదిగో ఈ అంపైర్ గారే," అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

నేను వాళ్ళ భుజాల మీదుగా చూశాను. శ్రీరమ్య బెంచీ చివర కూర్చుని నీళ్ళు తాగుతోంది. నజ్మీన్ ఆమె చెవిలో ఏదో అంది. ఆ పిల్ల నోట్లో నీళ్ళు బయటికొచ్చేలా నవ్వింది. మాస్టారు కూడా అటే చూసి, తర్వాత నా వైపు చూశారు. తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు, అంతే.

ఆట మళ్ళీ మొదలైంది. శ్రీరమ్య మూడోసారి వచ్చింది. రెండు బంతులు పోయాయి. మూడో బంతి పిచ్చర్ చెయ్యి దాటకముందే ఆ పిల్ల కళ్ళు దాన్ని పట్టుకున్నాయని వెనక నిలబడ్డ నాకు తెలిసిపోయింది. నడుము తిరిగింది. బంతి ఫీల్డర్ల మీదుగా, గోడ మీదుగా వెళ్ళి, బడి వెనక కల్లంలో ఎండబోసిన మిర్చి రాశిలో పడింది. గుంటూరు పిల్ల ఒకతె గోడ దూకి వెతకడానికి వెళ్ళింది. బంతి దొరకలేదు, తుమ్ములు మాత్రం చాలాసేపు వినబడ్డాయి.

ఆ ఆట మాస్టారి జట్టు ఒక్క పరుగు తేడాతో ఓడిపోయింది. సెలక్టర్లు శ్రీరమ్య పేరు చదివారు. ప్రకాష్ తన స్నేహితుల వైపు తిరిగి, "ఇందాక దోమలన్నదెవడ్రా? ఆదివారాలు నా కల్లానికి మనిషి తక్కువయ్యాడు, నువ్వు రా" అన్నాడు.

జానకిరామయ్య గారు నన్ను ఒంగోలు పిలిపించారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచారు.

"ఆ మాట ఆయన ఆ రోజే నాతో చెప్పొచ్చు కదయ్యా?"

"చెప్తే పిల్లలకి తెలిసిపోతుందిగా సార్. తమ మీద జాలిపడి చేస్తున్నారని."

"అదీ నిజమే. మీకు మాత్రం నెల రోజులు అంపైరింగ్ లేదు. నియమం నియమమే. ఇక ఆయన సంగతంటారా, ఈ మధ్య నాకు దూరపుచూపు సరిగ్గా ఆనడం లేదు. వినికిడి కూడా అంతంతమాత్రమే."

ఆ సాయంత్రం మాస్టారు మా ఇంటికొచ్చారు. కృతజ్ఞతలు చెబుతారేమోనని మొహమాటపడుతూ కూర్చున్నాను. ఆయన కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకున్నారు.

"మొన్నటి తగువు ఏమీ బాగా లేదండి."

"అదేమిటండీ?"

"మనసులో అనుకున్నారన్నారు. దానికి అవతలివాడు ఏం జవాబు చెప్తాడు? తగువు అక్కడే చచ్చిపోతుంది. కొలవడానికో, చూడ్డానికో ఏదన్నా వస్తువుండాలి. జనం లేచి రావాలి. మా ఆవిడ ఉండబట్టి నిలబడింది గానీ, లేకపోతే అవుటేనండి మీరు." కాస్త ఆలోచించి, "మొదటిసారి కదా. పరవాలేదు, నేర్చుకోవచ్చు" అన్నారు.

నెల తర్వాత మళ్ళీ గ్రౌండులోకి వెళ్ళాను. మాస్టారి జట్టులో ఆయేషా అని కొత్తపిల్ల. బ్యాటు ఆమె కంటే పొడుగ్గా ఉంది. మూడు బంతులకీ కళ్ళు మూసుకుని కొట్టి అవుటైంది. మాస్టారు చేతులు వెనక్కి కట్టుకుని నింపాదిగా నా దగ్గరికి వచ్చారు. టెంటు కింద జానకిరామయ్య గారు పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

"ఎంతసేపు కావాలండి?" అన్నాను జాలీ వెనకనుంచి, మెల్లగా.

ఆయన భుజం మీదుగా ఒకసారి బెంచీ వైపు చూశారు. "బాగా చిన్నపిల్లండి. ముక్కు కూడా తుడుచుకోవాలి. కాస్త ఎక్కువసేపే పడుతుంది" అని, ఆ తర్వాత గ్రౌండంతా మారుమోగేలా మొదలుపెట్టారు.

"ఏవండీ, ఒక్క మాట. ఆ మేఘం ఇందాక అక్కడ లేదు."

"లేకపోతే ఎవరు తెచ్చారండీ, నేనా?" అని నేనూ గొంతు పెంచాను.

జనమంతా తలెత్తి ఆకాశం వైపు చూశారు.